మీ డ్రింక్‌లో ఎవరూ ఏమీ కలపకుండా: సీసా దగ్గర్నుంచి చేతి దాకా

పబ్బుల్లో, బార్లలో ఎదుటివాళ్లకి తెలియకుండా వాళ్ల డ్రింక్‌లో ఎక్కువగా కలిపేది మద్యమే. సింగిల్ అడిగితే డబుల్ పోయిస్తారు, బీరులో వోడ్కా వంచుతారు, మాక్‌టెయిల్ అని చెప్పి జిన్ కలిపింది చేతికిస్తారు. కలిపినవాడు దాన్ని సరదా అంటాడు. తాగినవాళ్ల ఒంట్లోకి మాత్రం తెలియకుండానే రెండింతల మోతాదు వెళ్లిపోతుంది. ఆ తర్వాత నిద్రమాత్రల జాతి: అల్ప్రాజోలం, డైజెపాం, లోరాజెపాం లాంటివి. ఇవి మన ప్రాంతానికి కొత్తవి కావు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆబ్కారీ శాఖ ఏళ్లుగా పట్టుకుంటున్నవి అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేటే. రైళ్లలో బిస్కెట్టులోనో టీలోనో మత్తు కలిపి, నిద్రపుచ్చి, సామాను ఎత్తుకుపోయే ముఠాలు వాడేవీ ఇలాంటి మందులే. కెటమిన్ (ఆపరేషన్లలో ఇచ్చే మత్తుమందు), జీహెచ్‌బీ (ద్రవంగానో పొడిగానో దొరికే మత్తుమందు) అనేవీ ఉన్నాయి. ఇవన్నీ మద్యంతో కలిస్తే ఊపిరిని మందగింపజేస్తాయి. అసలు ప్రాణభయం అక్కడే.

ఆడవాళ్లకే జరుగుతుందనీ, మద్యం తాగేవాళ్లకే జరుగుతుందనీ అనుకోవద్దు. ఫోనూ పర్సూ కొట్టేయడానికి మగవాళ్లకి కలుపుతారు. కూల్‌డ్రింక్‌లో, మంచినీళ్ల సీసాలో కూడా కలపొచ్చు.

రంగు, రుచి, స్ట్రిప్పులు

మాత్ర వేస్తే డ్రింక్ నీలంగా మారుతుందట కదా, అని గ్లాసులోకి చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు చాలామంది. రోహిప్నాల్ అనే నిద్రమాత్ర తయారుచేసే కంపెనీ 1990ల చివర్లో ఆ మాత్రలో నీలం రంగు చేర్చిన మాట నిజం. కానీ అది ఆ ఒక్క మాత్ర సంగతి. మిగతా మందులకి అలాంటి గుర్తు లేదు, అదనంగా పోసిన వోడ్కాకి అసలే లేదు. పబ్బుల్లో తిరిగే రంగు లైట్ల కింద నీలమేదో ఆకుపచ్చేదో ఎవరూ చెప్పలేరు. నురగ వచ్చిందా, అడుగున పొడి ఉందా అని వెతకడం కూడా అంతే. రుచి తేడాగా అనిపిస్తే, ఉప్పగానో చేదుగానో తగిలితే, వెంటనే వదిలేయండి. తేడా లేదు కాబట్టి మంచిదే అన్న లెక్కకి మాత్రం రావొద్దు.

ఆన్‌లైన్‌లో దొరికే టెస్ట్ స్ట్రిప్పులు ఒకటి రెండు మందులనే పట్టగలవు, ఎక్కువగా కెటమిన్‌నీ జీహెచ్‌బీనీ. పాలు, క్రీమ్, వైన్, ముదురు రంగు రసాలు ఉన్న డ్రింకుల్లో తప్పుడు ఫలితం రావొచ్చు. అదనంగా పోసిన మద్యాన్ని అవి పట్టవు. స్ట్రిప్ బాగానే ఉందని చూపించాక మనిషి జాగ్రత్త తగ్గించుకుంటాడు కాబట్టి, మా దృష్టిలో వాటివల్ల మేలు కంటే ప్రమాదమే ఎక్కువ. అనుమానం వచ్చిందంటే పరీక్ష అక్కర్లేదు, ఆ డ్రింక్ అక్కర్లేదు.

కాబట్టి గ్లాసులోకి చూడటం మాని, గ్లాసు వచ్చిన దారిని చూడండి. ఎవరు పోశారు, ఎవరు తెచ్చారు, మీరు చూడని సమయంలో ఎవరి పక్కన ఉంది. వీటిలో ఒక్కదానికి జవాబు తెలియకపోయినా ఆ డ్రింక్ తాగొద్దు.

పోసేటప్పుడు

కౌంటర్ కనిపించే చోట కూర్చోండి. అన్నిటికంటే భద్రమైనది మీ ఎదురుగా మూత తీసిన సీసా, లేదా మీరే తెరిచిన క్యాన్. సన్నటి మూతి ఉన్న పింట్ సీసాని బొటనవేలితో మూసి పట్టుకోవచ్చు, వెడల్పు గ్లాసుతో ఆ వీలుండదు. పెగ్గు తీసుకుంటే కొలత గ్లాసుతో కొలిచి పోయమనండి. స్మాల్ అంటే 30 ఎంఎల్, లార్జ్ అంటే 60. కాక్‌టెయిళ్లలో లాంగ్ ఐలాండ్ లాంటివి నాలుగైదు రకాల మద్యం కలిపి చేసేవి. అందులో ఇంకో పెగ్గు పడినా రుచిలో తెలియదు. కొత్త చోట, కొత్తవాళ్ల మధ్య అలాంటివి వద్దనే చెప్తాం.

పిచ్చర్లు, బీర్ టవర్లు మరో చిక్కు. బల్ల మధ్యలో మూత లేకుండా గంటసేపు ఉంటాయి, పక్క బల్లవాళ్లు వచ్చి పలకరించి పోతుంటారు, ఎవరు ఎప్పుడు ఏం వంచారో ఎవరికీ తెలియదు. మీ గుంపు మొత్తం బల్ల దగ్గరే ఉంటేనే టవర్ పెట్టించుకోండి. డ్యాన్స్‌కి వెళ్లి వచ్చాక దాన్ని ముట్టుకోవద్దు.

చేతికి వచ్చేటప్పుడు

ఎవరైనా డ్రింక్ ఇప్పిస్తానంటే వద్దని చెప్పడం మంచిదే. ఒప్పుకుంటే మాత్రం వాళ్లతో పాటు కౌంటర్ దాకా నడిచి, పోస్తుండగా చూసి, బార్‌టెండర్ చేతి నుంచి మీరే తీసుకోండి. మధ్యలో ఇంకో చెయ్యి పడకూడదు. బల్ల దగ్గరే ఉంటే ట్రే నుంచి మీరే ఎత్తుకోండి. గ్లాసులు పంచిపెట్టే పని చొరవగా నెత్తినేసుకునే మనిషి మీద ఓ కన్నేసి ఉంచండి. మంచివాడే కావొచ్చు, అయినా మీ గ్లాసు మీరు తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

“అందరూ ఒకేసారి లేపాలి” అని షాట్లు బలవంతపెట్టేవాళ్లు మరీ ప్రమాదం. షాట్ అంటే ఒక్క గుక్క. రుచి తెలిసే వ్యవధి ఉండదు. “నాది నేను చెప్పుకుంటా” అని ఒకసారి గట్టిగా అంటే చాలు. రెండోసారి కూడా బతిమాలితే అది మర్యాద కాదని అర్థం చేసుకుని అక్కడినుంచి లేవండి.

చేతిలో ఉన్నంతసేపు

గ్లాసు అంచుని అరచేత్తో కప్పి పట్టుకునే అలవాటు చేసుకోండి. సిలికాన్ మూతలు, అంటించే రేకు మూతలు కొంత అడ్డం పడతాయి. స్ట్రా రంధ్రం ఉంటుంది కాబట్టి పూర్తి రక్ష కాదు. కలిపేవాడికి కావాల్సింది రెండు మూడు సెకన్లు. ఆ సెకన్లు దొరికేది మనం ఫోన్ చూసుకుంటున్నప్పుడు, సెల్ఫీకి తిరిగినప్పుడు, సిగరెట్‌కి బయటికెళ్లినప్పుడు, డ్యాన్స్‌ఫ్లోర్ గట్టు మీద గ్లాసు పెట్టినప్పుడు. వాష్‌రూమ్‌కి వెళ్లాలంటే తాగేసి వెళ్లండి, లేదా మీవాళ్లలో ఒకరి పేరు పెట్టి పిలిచి, చేతిలో పెట్టి వెళ్లండి. “కాస్త చూస్తుండండి” అని బల్ల మొత్తానికి చెప్తే ఎవరూ చూడరు. వదిలి వచ్చిన గ్లాసు ఎంత ఖరీదైనదైనా పారబోయండి. పారబోయడానికి మనసొప్పక తాగేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

నగరం బయట ఫామ్‌హౌస్ పార్టీల్లో ఈ జాగ్రత్తలు ఇంకా బిగించాలి. అక్కడ బార్‌టెండర్ ఉండడు, కెమెరాలు ఉండకపోవచ్చు, గ్లాసులు వంటగదిలో నింపుకుని వస్తాయి. తెలిసినవాళ్లే కదా అన్న మొహమాటం వేరే. మీ సీసా మీరే తీసుకెళ్లండి, లేదా మీరే లోపలికెళ్లి పోసుకోండి. తిరిగి రావడానికి మీ బండో, ముందే మాట్లాడుకున్న క్యాబో లేకుండా అలాంటి చోటికి వెళ్లకండి.

కూడా వచ్చినవాళ్లు

గ్లాసుని ఎంత కాచుకున్నా, మిమ్మల్ని నిజంగా కాపాడేది పక్కనున్న మనిషి. కలిపినవాడి అసలు పని కలపడంతో అయిపోదు. మిమ్మల్ని గుంపు నుంచి విడదీసి బయటికి తీసుకుపోవాలి. “ఇక్కడ ఊపిరాడట్లేదు, బయటికెళ్దాం”, “పాపం ఎక్కువైంది, నేను దింపేస్తాలే” అనే మాటలు వచ్చేది అప్పుడే. అందుకే లోపలికి అడుగుపెట్టకముందే కొన్ని తేల్చుకోవాలి. కలిసి వచ్చినవాళ్లం కలిసే వెళ్తాం. ఒకరు ఆ రాత్రి తాగరు, వాళ్ల మాటే చెల్లుతుంది. ఎవరైనా “నేను వీళ్లతో వెళ్తున్నా” అంటే, తాగని మనిషి పక్కకి తీసుకెళ్లి మొహం చూసి మాట్లాడాకే వదలాలి.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలకి పెట్టుకోవచ్చు. గుంపులో ఒకరికీ, ఇంట్లో మెలకువగా ఉండే ఒకరికీ పంపండి. ఫోన్‌లో అత్యవసర కాల్ ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కితే వెళ్తుందో సెట్టింగ్స్‌లో ముందే చూసి పెట్టుకోండి. ఆ రాత్రికి వేలిముద్ర, మొహంతో తెరుచుకునే లాక్ ఆపేసి పిన్ మాత్రమే ఉంచండి. స్పృహలేని మనిషి వేలు పెట్టి ఫోన్ తెరిచి డబ్బు లాగేయడం తేలిక. లాక్ స్క్రీన్ మీద అత్యవసర నంబర్ మాత్రం కనిపించేలా ఉంచండి.

తేడాగా ఉందనిపిస్తే

తాగింది ఎంత, ఎక్కింది ఎంత అన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. 42.8 శాతం విస్కీ ఒక లార్జ్‌లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 ఎంఎల్ బీరు 5 శాతానిదైతే దాదాపు 25 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ అయితే 40 దాటుతుంది. శరీరం గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు. ఖాళీ కడుపు, తక్కువ బరువు, జలుబు మాత్రలు, నిద్రమాత్రలు మత్తుని పెంచుతాయి. ఇవన్నీ కలుపుకున్నా, గంటసేపు ఒకే పెగ్గు చప్పరించిన మనిషి నిలబడలేకపోతున్నాడంటే, మాట ముద్దగా వస్తుందంటే, పదిహేను ఇరవై నిమిషాల్లో మెలకువ నుంచి తూలిపోయే స్థితికి వచ్చాడంటే లెక్క సరిపోనట్టే. చూపు మసకబారడం, కాళ్లు తనవి కానట్టు ఉండటం, శరీరం నుంచి విడిపోయి దూరంగా చూస్తున్నట్టు అనిపించడం, వాంతులు, నిమిషం క్రితం జరిగింది గుర్తులేకపోవడం కూడా గుర్తులే.

ఇది మీకే జరుగుతోందనిపిస్తే మీ చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఆగి ఆలోచించొద్దు. దగ్గరున్న మీవాళ్ల చెయ్యి పట్టుకుని “నా డ్రింక్‌లో ఏదో కలిపారు, నన్ను వదలొద్దు” అని ఈ మాటల్లోనే చెప్పండి. “తల తిరుగుతోంది” అంటే “ఎక్కువైంది, కాసేపు కూర్చో” అంటారు, అసలు సంగతి మరుగున పడిపోతుంది. మీవాళ్లు కనపడకపోతే నేరుగా కౌంటర్ వెనకున్న సిబ్బంది దగ్గరికి వెళ్లండి. వాష్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకోవద్దు, అక్కడ పడిపోతే ఎవరికీ తెలియదు. ఒంటరిగా క్యాబ్ ఎక్కొద్దు. ఆ డ్రింక్ ఇచ్చిన మనిషితో ఎక్కడికీ వెళ్లొద్దు.

పక్కనున్నవాళ్లు చేయాల్సింది

మనిషిని వెలుతురున్న చోటికి, సిబ్బంది కనిపించే చోటికి తీసుకురండి. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏవీ మత్తుని విరగ్గొట్టవు. మగతలో ఉన్న మనిషి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించడం ఇంకా చేటు. చన్నీళ్లు పోయొద్దు. “పడుకుంటే అదే దిగుతుంది” అని గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేసి రావడమే అన్నిటికంటే ప్రాణాంతకం. వెల్లకిలా పడుకున్న మనిషికి వాంతి అడ్డం పడి ఊపిరి ఆగిపోతుంది.

పిలిస్తే పలకకుండా, ఊపిరి మాత్రం తీస్తుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉన్న మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. మీ వైపున్న చేతిని భుజానికి సమానంగా పక్కకి చాపండి. అవతలి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి, అరచేతి వెనక భాగం మీ వైపున్న చెంపకి ఆనేలా పట్టుకోండి. అవతలి మోకాలు పైకి మడిచి, ఆ మోకాలు పట్టుకుని మనిషిని మీ వైపు దొర్లించండి. తల కాస్త వెనక్కి వంచి, నోరు కిందికి ఉండేలా సర్దండి. ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 8 కంటే తక్కువున్నా, రెండు ఊపిరుల మధ్య 10 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, చర్మం చల్లబడినా, మూర్ఛ వచ్చినా 108కో 112కో వెంటనే ఫోన్ చేయాలి. లేపితే లేవకపోతే ఇవేవీ కనిపించక్కర్లేదు, అప్పుడే చేసేయాలి. ఊపిరి ఆగితే స్పీకర్ ఆన్ చేసి, వాళ్లు చెప్తుండగా ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.

ఒకరు మనిషిని చూస్తుండగా ఇంకొకరు గ్లాసు సంగతి చూడాలి. కడగనివ్వొద్దు, పారబోయనివ్వొద్దు. పైన శుభ్రమైన మూతో రేకో కప్పి, పోలీసులు వచ్చేదాకా మేనేజర్ సమక్షంలో పక్కన పెట్టించండి. బిల్లు ఫొటో తీయండి, టైము దాంట్లో ఉంటుంది.

ఆసుపత్రిలో

ఇక్కడ పోయే ప్రతి గంటా లెక్కే. జీహెచ్‌బీ రక్తంలో 6 నుంచి 8 గంటలు, మూత్రంలో సుమారు 12 గంటలే దొరుకుతుంది. నిద్రమాత్రల జాతివి మూత్రంలో మూడు రోజులు, కొన్ని ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి. అందుకే మొదటిసారి వచ్చే మూత్రం అన్నిటికంటే విలువైనది. క్యాజువాలిటీకి చేరకముందే ఆపుకోలేకపోతే శుభ్రమైన, మూతున్న సీసాలో పట్టి, టైము రాసి, చల్లగా ఉంచి తీసుకెళ్లండి.

డాక్టరుతో “ఎవరో మత్తుమందు కలిపారని అనుమానం, మెడికో లీగల్ కేసుగా రాయండి, రక్తం మూత్రం రెండూ టాక్సికాలజీకి తీయండి” అని స్పష్టంగా అడగండి. మెడికో లీగల్ అంటే పోలీసులకి కూడా తెలియజేసే కేసు, టాక్సికాలజీ అంటే ఒంట్లో మత్తుమందో విషమో ఉందా అని చూసే పరీక్ష. మొదటి గుక్క ఎప్పుడు, తేడా ఎప్పుడు మొదలైంది, మొత్తం ఎంత తాగారు, మామూలుగా వేసుకునే మందులేంటి, ఈ నాలుగూ చెప్పండి. ఆసుపత్రుల్లో మామూలుగా చేసే డ్రగ్ ప్యానెల్ జీహెచ్‌బీనీ కెటమిన్‌నీ పట్టకపోవచ్చు. అందులో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన ఏమీ కలపలేదని కాదు. ఆ శాంపిల్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్లాలి. సీలు వేసి, చేతులు మారిన ప్రతిసారీ సంతకంతో నమోదైతేనే కోర్టులో నిలుస్తుంది.

లైంగిక దాడి జరిగిందన్న అనుమానం కొంచెమున్నా స్నానం చేయొద్దు, బట్టలు మార్చొద్దు. మార్చాల్సి వస్తే ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మ పట్టి పాడవుతాయి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు, వీలైనంత ముందే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 397 ప్రకారం అత్యాచార బాధితులకి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా, వెంటనే చికిత్స చేయాలి. కాదనడం నేరం. “ముందు ఎఫ్‌ఐఆర్ తెండి” అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి.

పోలీసులకి చెప్పేటప్పుడు

మత్తు కలిగించే పదార్థం దేన్నైనా, హాని చేయాలనో మరో నేరం చేయాలనో ఉద్దేశంతో ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 123 కింద నేరం. పదేళ్ల దాకా జైలు, జరిమానా. 2024 జులై 1కి ముందు ఇదే ఐపీసీ 328. ఆ తర్వాత దోపిడీయో దాడో జరగకుండా మీరు తప్పించుకున్నా సరే, ఆ ఉద్దేశంతో ఇచ్చాడంటే నేరమే. పబ్ ఏ స్టేషన్ పరిధిలోదైనా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. మహిళలకి 181 హెల్ప్‌లైన్, బాధితులకి సాయం చేసే భరోసా కేంద్రం హైదరాబాద్‌లో, సఖి కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి. “అసలు పబ్‌కి ఎందుకెళ్లావు” అన్న ప్రశ్న స్టేషన్‌లోనూ ఇంట్లోనూ ఎదురుకావొచ్చు. దానికి జవాబు చెప్పుకోవాల్సిన అవసరం మీకు లేదు. నేరం కలిపినవాడిది, పూర్తిగా వాడిదే. తోడుగా వెళ్లినవాళ్లు ఈ మాట గట్టిగా అనాలి.

ఫిర్యాదులో సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని ప్రత్యేకంగా రాయించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చేసిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం గుమిగూడే వ్యాపార స్థలాలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలి. ఆ గడువు దాటితే చెరిగిపోతుంది. బల్ల నంబరు, కూర్చున్న సమయం, బార్‌టెండర్ ఎలా ఉన్నాడు అన్నవి రాసిస్తే వెతకడం తేలికవుతుంది.

విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలకి రెండు మాటలు. బ్రిటన్‌లో 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన పద్ధతి ఒకటుంది. అందులో చేరిన బార్ల కౌంటర్ దగ్గర “ఏంజెలా ఉందా” అని అడిగితే, మీరు ఇబ్బందిలో ఉన్నారని సిబ్బందికి అర్థమై పక్కకి తీసుకెళ్తారు. అత్యవసరానికి 999. అమెరికాలో 911. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి నైట్‌క్లబ్బుల తరహా లైసెన్సున్న బార్లు టెస్ట్ కిట్లు అమ్మకానికి ఉంచాలన్న నిబంధన వచ్చింది. కిట్ల గురించి పైన చెప్పిన హెచ్చరిక అక్కడా వర్తిస్తుంది.

బార్ నడిపేవాళ్లకి

మీ సిబ్బంది కళ్లు తెరుచుకుని ఉంటే సగం కేసులు గుమ్మం దాటవు. ఒకరి డ్రింక్‌లో ఇంకొకరు “తెలియకుండా డబుల్ పోయి” అంటే పోయొద్దు, ఆ డ్రింక్ ఎవరిదో వాళ్లకి చెప్పేయండి. వదిలేసిన గ్లాసులు వెంటనే తీసేయండి. అడిగినవాళ్లకి మూత ఇవ్వండి. మత్తులో తూలుతున్న మనిషిని ఎవరైనా భుజాన వేసుకుని బయటికి నడిపిస్తుంటే గుమ్మం దగ్గర ఆపి, ఆ మనిషి పూర్తి పేరేంటో, ఎక్కడుంటారో నడిపిస్తున్నవాళ్లని అడగండి, తోడొచ్చిన గుంపు ఎవరో కనుక్కోండి. తడబడితే పంపొద్దు, 112కి ఫోన్ చేయండి. పోలీసులొస్తే పేరు పాడవుతుందని బయటికి సాగనంపడం ఆ మనిషిని కలిపినవాడి చేతిలో పెట్టడమే అవుతుంది.

మర్నాడు లేచాక

రాత్రిలో కొంత భాగం ముక్కగా కోసేసినట్టు గుర్తులేకపోతే, తాగినదానికి మించిన నీరసం ఉంటే, ఒంటి మీద తెలియని దెబ్బలుంటే ఆలస్యమైందని ఊరుకోవద్దు. మూడు రోజుల్లోపు మూత్ర పరీక్షకి ఇంకా విలువ ఉంది. ఆ తర్వాత కూడా, కొన్ని మందులు సుమారు నాలుగు వారాలకి పెరిగిన వెంట్రుకలో దొరికే అవకాశం ఉంది కాబట్టి జుట్టు కత్తిరించుకోవద్దు, రంగు వేయొద్దు. కూడా ఉన్నవాళ్లతో మాట్లాడకముందే మీకు గుర్తున్నంత వరకు టైములతో సహా కాగితం మీద రాసి సంతకం పెట్టుకోండి. వాళ్లు చెప్పింది విన్నాక ఏది మీ జ్ఞాపకమో ఏది వాళ్ల మాటో విడదీయలేరు. క్యాబ్ రసీదులు, యూపీఐ చెల్లింపులు, కాల్ లిస్టు, లొకేషన్ హిస్టరీ స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరికి పంపి ఉంచండి. ఆ తర్వాతే ఫోన్‌లో బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు మార్చండి.